కదిలే ఒడ్డు మీద దేవుడి చిరునామా

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద చొల్లంగి అనే చిన్న ఊరుంది. పుష్య బహుళ అమావాస్య నాడు అక్కడ తీర్థం జరుగుతుంది. ఆ అమావాస్యను గోదావరి జిల్లాల్లో చొల్లంగి అమావాస్య అనే పిలుస్తారు. తెల్లవారకముందే జనం వచ్చి స్నానాలు చేస్తారు, పెద్దలకు తర్పణాలు విడుస్తారు. సప్తసాగర యాత్రకు ఇదే మొదటి మజిలీ. గోదావరి ఏడు పాయలూ సముద్రంలో కలిసే ఏడు చోట్లా మునిగి, మాఘ శుద్ధ ఏకాదశి నాటికి అంతర్వేది చేరడంతో ఆ యాత్ర ముగుస్తుంది. ఒక్కో పాయకూ ఒక్కో ఋషి ఉన్నాడు. చొల్లంగిలో కలిసే తుల్యభాగ కశ్యపుడిది, కోరంగి దగ్గరి ఆత్రేయ అత్రిది, అంతర్వేదిలోని వాసిష్ఠ వసిష్ఠుడిది. సంతానం కోసం ఈ ఏడు స్నానాలూ మొక్కుకున్న దంపతులు తరతరాలుగా ఉన్నారు.

ఇప్పుడు తుల్యభాగను వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు కనిపించేది నది కాదు. నీటిపారుదల శాఖ లెక్కల్లో అది మురుగు కాలువ, తుల్యభాగ డ్రెయిన్. వరి చేల నీళ్లు, ఊళ్ల మురుగు మోసుకుంటూ పోయి సముద్రంలో పడుతుంది. ఆత్రేయ పేరు యాత్రికులకు తెలిసినంతగా పటాలకు తెలియదు. మరో మూడింటి సంగతి ఇంకా విచిత్రం. భరద్వాజ, విశ్వామిత్ర, జమదగ్ని పాయలు అంతర్వాహినులని, భూమి కింద పారుతున్నాయని స్థలపురాణమే చెబుతుంది. కంటికి పెద్ద నదులుగా కనిపించేవి గౌతమి, వాసిష్ఠ, వాసిష్ఠ నుంచి చీలిన వైనతేయ. అయినా ఏటా యాత్ర ఆగదు. ఏడు స్నానాలూ ఏడు స్నానాలే.

డెల్టాలో పుట్టిన మతవిశ్వాసమంతా ఎదుర్కోవలసిన ప్రశ్న ఇదే. పవిత్రత ఒక చోటిని అంటిపెట్టుకుని ఉంటుందనుకుంటే, ఆ చోటే కదిలిపోతే అది ఎక్కడికి పోతుంది? కొండ మీది క్షేత్రాలకు ఈ బెంగ లేదు. తిరుమల తిరుమలలోనే ఉంటుంది. డెల్టాలోనే, తీరానికి లోపలగా, తూర్పు చాళుక్యుల నాటి ద్రాక్షారామ భీమేశ్వరుడు నిలకడగా ఉన్నాడు, గోడల నిండా శాసనాలతో. అక్కడి కోనేటికి కూడా సప్తగోదావరి అనే పేరు. ఏడు పాయలూ ఒక కోనేట్లో చేరాయన్న నమ్మకం అది. కానీ అక్కడి నుంచి తూర్పుకి, దక్షిణానికి నడిచేకొద్దీ నేల మాట ఇవ్వదు. ఒండ్రు మేట వేస్తుంది, లంకలు పుడతాయి, కరుగుతాయి, మొగలు పూడిపోతాయి. నదే తెచ్చి పరిచిన ఈ నేల మీద గుడి కట్టేవాడికి ఆ సంగతి ముందే తెలుసు.

కోరంగి చరిత్రే చాలు. ఓడలు కట్టే రేవుగా, మరమ్మతులు చేసే రేవుగా పద్దెనిమిదో శతాబ్దంలో దానికి బంగాళాఖాతమంతటా పేరుండేది. 1789 డిసెంబరులో తుఫానుతో పాటు మూడు ఉప్పెన కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని ముంచాయి. ఇరవై వేలమంది పోయారని పాత రచనలు చెబుతాయి. మిగిలినవాళ్లు మళ్లీ కట్టుకున్నారు. 1839 నవంబరు 25న ఇంకో ఉప్పెన వచ్చింది. మూడు లక్షలమంది చనిపోయారన్న అంకె పుస్తకాల నిండా తిరుగుతోంది. చరిత్రకారులు దాన్ని అనుమానిస్తారు, అనుమానించడం సబబే. అంకె ఎంతైనా రేవు మాత్రం కోలుకోలేదు. వ్యాపారం కాకినాడకు జరిగిపోయింది. తర్వాతి కాలంలో ఈ తీరం నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలందరినీ బర్మాలో కోరంగీలనే పిలిచారు. ఈరోజు అక్కడ మడ అడవి ఉంది, 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు.

కోరంగి మొదటి ఉప్పెనకు ముప్పై నాలుగేళ్ల ముందు, 1755 నవంబరు 1న, పోర్చుగల్ రేవు నగరం లిస్బన్‌ను భూకంపం, వెంటనే సముద్రం పడగొట్టాయి. ఆ రోజు క్రైస్తవులకు సకల పునీతుల పండుగ. చర్చిలు నిండి ఉన్నాయి. దయగల దేవుడు తన పండుగ నాడే తన గుళ్లలో తన భక్తులను ఎందుకు చంపాడన్న ప్రశ్న యూరప్‌ను కుదిపేసింది. వోల్తేర్ దాని మీద దీర్ఘ కవిత రాశాడు. జనాన్ని ఆరేడంతస్తుల ఇళ్లలో కుక్కింది మనుషులే కదా అని రూసో ఆయనకు ఉత్తరం రాశాడు. కోరంగి మీద అలాంటి వాదం ఏ భాషలోనూ జరిగినట్టు కనిపించదు. ఆ ఉప్పెనను పట్టించుకున్నవాడు హెన్రీ పిడింగ్టన్ అనే కలకత్తా అధికారి. ఆయన పట్టించుకున్నది తుఫాను గాలి ఎలా సుడి తిరుగుతుందన్నది, నావికులు దాన్నుంచి ఎలా తప్పించుకోవాలన్నది. దేవుడి న్యాయం గురించి కోరంగి జనం ఏమనుకున్నారో రాసిపెట్టినవాళ్లు లేరు.

రాయలేదు కాబట్టి ఆలోచించలేదని అనుకోవడం అన్యాయం. ఇక్కడి జనం తమ ఆలోచనను గ్రంథంలో కాకుండా చేతల్లో పెట్టారు. దాన్ని చదవాలంటే అంతర్వేది వెళ్లాలి.

వాసిష్ఠ సముద్రంలో కలిసే చోట, సఖినేటిపల్లి మండలంలో, లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఉంది. పాత గుడి శిథిలమయ్యాక ఇప్పుడున్న ఆలయం 1823లో పూర్తయింది. కట్టించింది రాజూ కాదు, జమీందారూ కాదు. బెండమూర్లంకకు చెందిన కోపనాతి కృష్ణమ్మ, అగ్నికులక్షత్రియుడు, ఓడల యజమాని. (పేరు చూసి స్త్రీ అనుకుంటారు గానీ ఆయన పురుషుడే.) తన ఓడలు తుఫానులో చిక్కుకున్నప్పుడు నరసింహస్వామికి మొక్కుకున్నాడని, అవి సరుకుతో సహా క్షేమంగా తిరిగొచ్చాక మొక్కు చెల్లించాడని స్థానికంగా చెప్పుకుంటారు. ఇటలీలో జెనోవా పక్కనున్న కమోలీ అనే రేవు ఊరి బోస్కెత్తో గుడిలో కూడా ఇలాంటి మొక్కుల గుర్తులున్నాయి. తుఫానులో ఒరిగిపోతున్న ఓడ, పైన మబ్బుల్లో మరియమ్మ. బతికి బయటపడ్డ నావికులు అలా బొమ్మలు గీయించి గోడకు తగిలించారు. రెండు తీరాల్లోనూ సముద్రం మీద బతికేవాడు దేవుడిని అడిగేది ఒకటే, ఈసారి ఇంటికి చేర్చమని. శాశ్వతత్వం అడిగినవాడు లేడు.

అంతర్వేదిలో మాఘ శుద్ధ దశమి రాత్రి స్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశి నాడు రథోత్సవం. వేలమంది తాళ్లు పట్టి లాగుతారు. స్వామి తన సోదరి గుర్రాలక్కకు చీర, సారె పెట్టి వెళతాడు. ఆడపడుచును మరవకపోవడం గోదావరి మర్యాద. దేవుడికీ ఆ మర్యాద తప్పలేదు. 2020 సెప్టెంబరు 5 అర్ధరాత్రి దాటాక షెడ్డులో ఉన్న ఆ రథం కాలి బూడిదైంది. సుమారు అరవై ఏళ్ల పాటు లాగిన చెక్క రథం. ఊళ్లకు ఊళ్లు కన్నీళ్లు పెట్టుకున్నాయి. నిరసనలు జరిగాయి, రాజకీయాలూ నడిచాయి, దర్యాప్తు సీబీఐకి అప్పగించాలని రాష్ట్ర ప్రభుత్వం కోరింది. ఆ గొడవ ఒకవైపు నడుస్తుండగానే వడ్రంగులు పని మొదలుపెట్టారు. టేకు కలపతో కొన్ని నెలల్లోనే కొత్త రథం తయారైంది. 2021 ఫిబ్రవరిలో రథసప్తమికి దాన్ని ప్రారంభించారు, ఆ నెలలోనే ఏకాదశి నాడు జనం లాగారు.

అది అంతర్వేది రథమేనా? ఒక్క చెక్క కూడా పాతది కాదు. లాగినవాళ్లలో ఎవరికీ ఈ అనుమానం రాలేదు. రాకపోవడం అమాయకత్వం కాదు. రెండు వేల ఏళ్ల కింద ఇదే ప్రశ్న మీద భారతదేశంలో గొప్ప చర్చ జరిగింది. పాళీ గ్రంథం మిలిందపన్హలో నాగసేనుడనే భిక్షువు యవన రాజు మిలిందుడిని అడుగుతాడు, నువ్వు వచ్చిన రథం ఏది, ఇరుసా, చక్రాలా, కాడా అని. ఏదీ కాదని రాజు ఒప్పుకుంటాడు. ఈ భాగాలన్నీ కూడినప్పుడు వాడుకకు పెట్టుకున్న పేరే రథం, మనిషి కూడా అంతే అన్నది నాగసేనుడి వాదన.

అంతర్వేదికి కొద్ది దూరంలోనే, మామిడికుదురు మండలం ఆదుర్రులో, బౌద్ధ మహాస్తూపం శిథిలాలున్నాయి. వైనతేయ ఒడ్డున, కొబ్బరి తోటల మధ్య, చక్రాకారపు ఇటుక పునాది. సంఘమిత్ర సింహళం వెళుతూ ఇక్కడ శంకుస్థాపన చేసిందని స్థానిక ఐతిహ్యం. అది చరిత్రో కాదో తేలకపోయినా, బౌద్ధం ఈ నదీముఖాల్లో సముద్ర వ్యాపారంతో కలిసి బతికిందన్నది స్పష్టం. ఏదీ నిలవదని బోధించిన బుద్ధుడి కోసం, నిలవని నేల మీద, నిలవాలని ఇటుకలు పేర్చారు. ఈ వైరుధ్యానికి నవ్వుకోవలసిన పని లేదు. అనిత్యతను ఒప్పుకున్నవాడు చేతులు ముడుచుకు కూర్చోవాలన్న నియమం ఏ ధర్మంలోనూ లేదు.

రాయి మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లకు ఏమైందో చూడాలంటే మరో డెల్టా ఉంది. ఇటలీ ఉత్తర భాగంలో పో నది ఏడ్రియాటిక్ సముద్రంలో కలిసే ప్రాంతం గోదావరి ముఖద్వారానికి దగ్గరి చుట్టం. ఏడ్రియాటిక్‌కు తన పేరునిచ్చిన ఆద్రియా రేవు ఇప్పుడు ఒడ్డుకు ఇరవై కిలోమీటర్ల పైగా లోపల ఉంది. తన ఉప్పుకయ్య పూడిపోతుందన్న భయంతో వెనిస్ 1604 నాటికి కొత్త కాలువ తవ్వి పో ప్రవాహాన్నే దక్షిణానికి మళ్లించింది. రవెన్నా పక్కన క్లాసె అనే రేవుండేది, అగస్టస్ చక్రవర్తి యుద్ధనౌకల కోసం ఏర్పరచింది. 250 ఓడలు పట్టేదని పాత రచన ఒకటి చెబుతుంది. ఒండ్రు దాన్ని మింగేసింది. 549లో ప్రతిష్ఠించిన సంత్ అపొలినారె చర్చి ఇంకా అక్కడే ఉంది, చుట్టూ పొలాలు, సముద్రం ఎక్కడో దూరాన.

క్లాసె రేవు రూపం మిగిలింది ఒక గోడ మీద. రవెన్నా ఊళ్లో అదే సాధువు పేరుతో ఉన్న ఇంకో చర్చిలో గాజు ముక్కలు పొదిగిన చిత్రం ఉంది: రెండు బురుజులు, మధ్యలో నీళ్లు, మూడు ఓడలు. దానికి ఎదుటి గోడ మీద థియోడొరిక్ రాజు కోట చిత్రం. ఆ రాజు క్రీస్తు గురించి నమ్మిన సిద్ధాంతం తర్వాత వచ్చిన పాలకులకు తప్పుగా తోచింది. కోట స్తంభాల మధ్యనున్న మనుషుల బొమ్మలను తొలగించి తెరలు పొదిగారు. స్తంభాల మీద పడ్డ చేతుల ముక్కలు కొన్ని మాత్రం తీయకుండా వదిలేశారు. ఈనాటికీ తెర పక్కనుంచి మొండి చెయ్యి ఒకటి కనిపిస్తుంది. గోడ నిలిచినా, దాని మీది విశ్వాసాన్ని మనుషులు మార్చగలిగారు. నేల నిలకడగా ఉంటే చాలు, పవిత్రతకు ఢోకా లేదన్న ధీమాను ఆ గోడే కాదంటోంది.

గోదావరి డెల్టాలోని క్రైస్తవం ఈ విషయంలో రెండు దారులు తొక్కింది. ఫ్రెంచివారు పద్దెనిమిదో శతాబ్దంలో స్థిరపడి, 1954 దాకా పాలించిన యానాంలో సెయింట్ ఆన్ కేథలిక్ చర్చి ఉంది. 1846లో పూర్తయింది. కోరంగిని తుడిచిపెట్టిన ఉప్పెన వచ్చి అప్పటికి ఏడేళ్లే. కోరంగి అక్కడికి ఎంతో దూరం కాదు. అయినా యూరప్ పద్ధతిలో గట్టి గోడల ఆలయమే కట్టారు. నది ఒడ్డున దేవుడికి స్థిరనివాసం ఉండాలన్నది వారి పట్టుదల. అదే ఊళ్లో మీసాల వెంకన్న కొలువై ఉన్నాడు, ఆజాన్ వినిపించే మసీదు ఉంది. కాకినాడలో థామస్ గాబ్రియేల్ అనే తెలుగు బాప్టిస్టు మొదలుపెట్టిన పని 1874లో కెనడియన్ మిషనరీ జాన్ మెక్లారిన్ చేతికి వెళ్లింది. బాప్టిస్టుల దృష్టిలో సంఘమంటే భవనం కాదు, విశ్వాసుల కూడిక. బాప్తిస్మం నీళ్లలో పూర్తిగా మునిగి పొందేది. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తి చేయించిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి ఊరూరికీ కాలువలు పారుతున్నాయి. తీర్థానికి మునిగేవారు, విశ్వాసంలోకి మునిగేవారు వేరువేరు పేర్లతో ఆ గోదారి నీళ్లనే ఆశ్రయించారు. డెల్టాకు సరిపోయిన వేదాంతం బాప్టిస్టుల దగ్గర, సప్తసాగర యాత్రికుల దగ్గర ఎక్కువుందనిపిస్తుంది. రేవు పోయినా, పాయ పూడినా, వాళ్లు చేసే పని పోదు.

అయితే ఈ జవాబు ఇక్కడితో ఆగితే మోసమే అవుతుంది.

చేసే పనిలోనే పవిత్రత ఉందన్నప్పుడు, ఆ పనికి ఆధారమైన నీటిని మురుగుగా వదిలేయడానికి అది సాకు కాకూడదు. తుల్యభాగ ఎలా ఉన్నా స్నానం ఫలిస్తుందని నమ్మేవాడికి తుల్యభాగ పట్ల బాధ్యత లేదా? అంతర్వాహినుల కథ ఎండిన పాయలను భక్తిలో నిలబెట్టింది, అది దాని గొప్పతనం. కళ్లెదుట పారుతున్న పాయను కూడా భూమి కిందికి తోసేసి మరచిపోతే ఆ కథకు అంతకంటే ద్రోహం లేదు. ఏటా అమావాస్యకు వేలమంది మునిగే నీళ్లు ఎలా ఉండాలో అడిగే హక్కు, అడగాల్సిన బాధ్యత మొదట యాత్రికులవే. గుడి గోపురానికి రంగు వేయించే దాతలు, మొగలో పూడిక తీయించడాన్ని కూడా కైంకర్యంగా ఎంచిన రోజున తుల్యభాగకు నది గౌరవం కొంతైనా తిరిగొస్తుంది.

రెండోది ఇంకా కఠినమైన సంగతి. కాకినాడ రేవు బతకడానికి కారణం హోప్ ఐలాండ్. గోదావరి తెచ్చిన ఇసుక గత రెండు శతాబ్దాల్లో పదహారు కిలోమీటర్ల మేర పొడవుగా మేట వేసి, సముద్రపు అలలు రేవును నేరుగా కొట్టకుండా అడ్డు నిలిచింది. కాకినాడవాసికి అది దేవుడిచ్చిన గోడ. అదే ఇసుక మేట ఉత్తరానికి పెరిగేకొద్దీ అలల తీరు మారి, రేవు కట్టడాలూ తోడై, ఉప్పాడ తీరానికి ఇసుక చేరడం తగ్గిందని, కోతకు అదొక కారణమని తీరప్రాంత పరిశోధకులు అంటారు. జాందానీ చీరలకు పేరుమోసిన ఉప్పాడలో, పక్కనున్న సుబ్బంపేట, మాయాపట్నంలో ఇళ్లు వరసలు వరసలుగా సముద్రంలో కలిశాయి. గుళ్లూ పోయాయి. రాళ్ల కట్టలు పోశారు, పెద్ద ఇసుక గొట్టాలతో గోడ కట్టారు, అదీ దెబ్బతింది. వాయుగుండం పడ్డ ప్రతిసారీ బీచ్ రోడ్డు కొట్టుకుపోతుంది. ఒకే నది, ఒకే ఇసుక, ఒక ఊరికి రక్ష, ఇంకో ఊరికి శిక్ష. దీన్ని దైవలీల అని సర్దుకోవడం కాకినాడలో కూర్చున్నవాడికి సులువు. ఉప్పాడలో గోడ సగం కూలిన ఇంట్లో వండుకునే తల్లికి ఆ మాట చెప్పే ధైర్యం ఏ ధర్మశాస్త్రానికీ ఉండకూడదు. లిస్బన్ గురించి రూసో అడిగిన ప్రశ్న ఇక్కడ సూటిగా వర్తిస్తుంది. ఇందులో ప్రకృతి ఎంత, మనుషులు కట్టినవి ఎంత, లాభం ఎవరికి, నష్టం ఎవరికి అన్న లెక్క తేల్చిన తర్వాతే దేవుడి పేరు ఎత్తాలి.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊపేసిన తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. యానాం దాపున భైరవపాలెం మత్స్యకారులు ఎందరో వేటకు వెళ్లి తిరిగి రాలేదు. అక్కడా మళ్లీ పడవలు దిగాయి. వేట నిషేధం ముగిసిన జూన్ మధ్యలో పడవ ముక్కుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, గంగమ్మను తలుచుకుని బయలుదేరడం మానలేదు. దాన్ని తిరిగి నిలదొక్కుకునే శక్తి అని పట్నం మనుషులు మెచ్చుకుంటారు. మెచ్చుకోలు సరే గానీ, ఆ శక్తి ఒంటరి మనిషిది కాదు. అది పేటది. జాతర ఎత్తేది పేట, తాడు లాగేది పేట, చచ్చినవాడి పిల్లలకు అన్నం పెట్టేదీ పేటే.

నాగసేనుడి లెక్కకు అంతర్వేది ఒక భాగాన్ని కలిపింది. ఇరుసు, చక్రాలు, కాడి, వాటితో పాటు లాగే చేతులు. కలప కాలితే మళ్లీ తేవచ్చు. చేతులు చెదిరిపోతే తేలేరు. అందుకే సముద్రం కోసే ఊళ్లకు పునరావాసం అన్నది రెవెన్యూ శాఖ స్థలాల పంపకంతో ముగిసే వ్యవహారం కాదు. దానికి మతపరమైన కోణం ఉంది, దేవాదాయ శాఖకూ చర్చి సంఘాలకూ మసీదు కమిటీలకూ సంబంధం ఉంది. ఒక కుటుంబానికి ఇక్కడ, ఇంకో కుటుంబానికి పది కిలోమీటర్ల అవతల లోపల ఎక్కడో పట్టా ఇస్తే ఇళ్లు దొరకవచ్చు గానీ పేట చెదిరిపోతుంది. గంగమ్మ జాతర ఎత్తడానికి నలుగురు ఒకచోట ఉండరు, ఆదివారం కూడికకు సంఘం ఉండదు, పడవ దించడానికి భుజాలు ఉండవు. కదపక తప్పకపోతే పేటను పేటగానే, పడవలు కట్టుకునే కాలువకు దగ్గరగా, గుడికీ చర్చికీ కూడా జాగా చూపించి కదపాలి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, ఘాట్ల కోసం పనులు మొదలవుతాయి. ఆ ఖర్చులో ఉప్పాడ, అంతర్వేది పల్లిపాలెం వంటి తీరపు పేటలకూ, చొల్లంగి దగ్గరి తుల్యభాగకూ వాటా అడగడం పుష్కర స్నానానికి వచ్చే భక్తుడి పని కూడా.